ముట్టకు, తడి ఉన్నది

ముషీరాబాద్‌ల మెట్ల కింద నా దుకాణం.
తల వంచనోడు లోపలికి రాలేడు.
హెల్మెట్లు మాత్రం తలలు లేకుండనే వస్తయి,
బంతి మచ్చలతోటి, చెమట వాసనతోటి.

మొదలు గీరుడే. నీళ్ల సాన్‌పేపర్, నాలుగొందల నంబరు,
తర్వాత ఎనిమిదొందలు.
మెరుపంత పోయి బూడిద గుమ్మడికాయ లెక్క అయినంక
ప్రైమర్, ఒక్క పూత.
ఎనామిల్‌కు తొందర నచ్చదు.
మందంగ పెడితె కాటుక లెక్క కారుతది.
థిన్నర్ ఎక్కువైతె ప్లాస్టిక్‌నే తింటది,
అందుకే ఫైబర్‌వి తప్ప పట్టను.
రంగు చూసి మురిసెటోనికి
లోపల డొప్ప మెత్తవడ్డది తెల్వదు గద.

అందరికీ పులే కావాలె, లేకుంటె పుర్రె.
పుర్రె మీద పుర్రె ఎందుకు బిడ్డా అంటె
మా కోచ్ చెప్పిండంటరు.

బానోతు సింధూర హాకీ గోల్‌కీపర్.
"నాకు అద్దాలు ఎయ్యన్నా" అన్నది.
ఏం అద్దాలు?
ఫోన్‌ల చూపించింది, వాళ్ల నానమ్మ కాంచళి:
ఎర్ర బట్ట మీద గవ్వలు, పైసబిళ్లంత అద్దాలు,
ఒక్కోదాని చుట్టు పసుపు కుట్టు.

లారీ వెనక నెమలిని
కండ్లు మూసుకోని ఏసే చెయ్యి ఇది.
కుట్టు గీయాలంటె వణికింది.
ఉడుత తోక కుంచెను మూడు వెంట్రుకలకు కత్తిరించిన.
వెండి చుక్క, పక్కకు జరంత నలుపు, మూలకు తెలుపు.
అప్పుడే అది అద్దమైతది, లేకుంటె ఉత్త రూపాయి.
నలభై ఒకటి ఏసిన.

ఆ వారమంత వాన. ఎనామిల్ ఆరలే.
బల్బు కింద పెడితె దోమ వచ్చి నలుపుల పడ్డది.
సూదితోటి తీసిన. కాలొకటి ఉండిపోయింది.
ఆ పిల్లకు చెప్పలే.

మూడో రోజు వచ్చి, ముట్టకు అనేలోపే
వెనక దిక్కు బొటనవేలు పెట్టింది.
తిట్టిన. నవ్వింది.
వేలు నా తలుపు చెక్కకు తుడుసుకున్నది.
మళ్ల గీరుడు, మళ్ల పూత.
మ్యాచ్‌కు ఎవరిదో తెల్ల హెల్మెట్ పెట్టుకోని పోయింది.

ఇప్పుడు నెలకోసారి వస్తది,
గచ్చిబౌలి టర్ఫ్ నీలం అంటుకోని,
బంతి తగిలిన కాడ రెండద్దాలు లేకుండ.
ఎవరు కొట్టిండ్రు అని అడుగుత.
చెప్తది, అద్దానికొక పేరు.
కొత్తవి ఏసి ఇస్త.

తలుపు చెక్క మీది నల్ల వేలిముద్ర మాత్రం
గీతలతో సహా అట్లనే ఉన్నది.
అది ఆరి రెండేండ్లయింది.
కొత్తోళ్లకు దాన్నే చూపించి చెప్త: ముట్టకు, తడి ఉన్నది.
వాళ్లు ముట్టే చూస్తరు.