ప్లే డే

శనివారం లీవు పెట్టిన, ఆదివారం ఎట్లాగూ ప్లే డే.
రామగుండంల ప్యాసింజరెక్కినం
స్వరూప, నేను, పోరడు రుత్విక్,
స్టీలు డబ్బల నాలుగు సర్వపిండ్లు.
ఓరుగల్లు జూపియ్యమని ఆమె అడిగింది
పదకొండేండ్ల కింద, పెండ్లయిన కొత్తల.
నా షిఫ్టుల సందున గిప్పుడు దొరికింది.

వేయిస్తంభాల గుడిల అడుగువెట్టంగనే
అందరు స్తంభాలు చూసిన్రు.
నేను కప్పు చూసిన.
ఇరవై రెండేండ్ల అలవాటు,
యాడికి వోయినా మొదలు తలకాయ పైకే లేస్తది,
పెండ్లి పందిట్ల గూడ, దవాఖాన్ల గూడ.

ఎవ్వలూ చూస్తలేరనుకొని
ఎడమ అరచెయ్యి రాయికి ఆనించి
కుడిచేతి కణుపులతోని టకటక కొట్టిన.
ఖంగుమంటే నమ్ము,
బొద్దుగ మోగితే ఎనుకకు జరుగు.
బాయిల దిగిన మొదటి రోజు
ఓదెలు నాకు చెప్పిన చదువు గంతే.
నల్లరాయి ఖంగుమన్నది.
ఆ ఎంబడే సీటీ మోగింది.
"ఏయ్ పెద్దమనిషీ, చెయ్యి తీయ్!"
పోరడు పడి పడి నవ్విండు.
స్వరూప నన్ను ఎరుగనట్టు
నంది మెడల గంటలు లెక్కవెట్టుకుంట నిలవడ్డది.

గైడు, ముక్కుతోని మాట్లాడే సన్నటి మనిషి,
చెప్పుకుంట పోతుండు:
మండపం కుంగితే రాయికి రాయి విప్పి
ఒక్కోదానికి నంబరేసి మళ్ల పేర్చిన్రట.
నంబరనంగనే నాకు ల్యాంప్ రూం యాదికొచ్చింది.
ఆ రోజు షిఫ్టు విడిచినంక
దీపాలన్ని కొక్కేలకు ఎక్కినయి,
ఒక్క నంబరు కొక్కెం ఉత్తగ ఉన్నది,
నాకు చదువు చెప్పినోనిది.
రాయే నయం.
విప్పినా దాని జాగ దానికుంటది.

"పునాది కింద ఏమున్నదో చెప్పుండ్రి?"
కాలేజీ పిల్లలు రాయన్నరు, సున్నమన్నరు,
ఒకడు బెల్లమన్నడు.
"ఇసుక" అన్నడు గైడు. అందరు నోరు తెరిచిన్రు.
నేను తెరువలే.
బొగ్గు తీసిన జాగల మేం నింపేది గదే,
గోదారి ఇసుక, నీళ్లల్ల కలిపి, పైపులల్ల తోలి.
మా క్వార్టర్ల కింద, బడి కింద,
అంగట్ల చాపలమ్మే గద్దె కింద
అంత ఇసుకనే.
చెప్పుదామనుకున్న.
చూడవచ్చినోడు చెప్తే ఎవలింటరని ఊకున్న.

తెల్లారి ఖిలకు ఆటో మాట్లాడినం.
యాకూబ్ ఇల్లు కోట లోపట్నేనట.
"మీరు ఫోటోలు దిగే తొవ్వల
మేం బర్లు తోలుకపోతం సార్."

తోరణం కింద పోరడు
ఇటునుంచి అటు, అటునుంచి ఇటు నాలుగుసార్లు ఉరికి
"నాయినా, దర్వాజున్నది, ఇల్లేది?" అన్నడు.
నాకు జవాబు దొరకలే.
యాకూబ్ బీడి ముట్టిచ్చుకుంట అన్నడు:
"కప్పుంటే ఎప్పుడో ఒకప్పుడు పడుతది బేటా,
లేదు గన్కనే నిలవడ్డది."

గడ్డిల పరిచిన రాళ్లు,
సగం సింహం, చెయ్యి లేని ఆట,
ముక్కు విరిగిన హంస.
హంస పక్కపొంటి కూసోని స్వరూప డబ్బ మూత తీసింది.
తల ఎత్తకుంటనే అన్నది:
"ఇగో, ఈడ పైన ఏం లేదు.
జర నిమ్మలంగ తిను."
నిన్నటి సంది చూస్తనే ఉన్నదన్నట్టు.
కాదు, పదకొండేండ్ల సంది.
పైకి చూసిన. మొగులున్నది.
సర్వపిండి అంచు మాడింది, మంచిగనే ఉన్నది.

తిరిగొచ్చేటప్పుడు కొత్తవాడల జంపఖాన కొన్నం.
ఎర్రది కావాలని ఆమె, నీలిది కావాలని పోరడు,
బేరం కాక బూడిద రంగుది.
రాత్రి ఇంట్ల పరుచుకొని ముగ్గురం ఒరిగినం.
జంపఖాన కింద బండ,
బండ కింద మట్టి, మట్టి కింద ఇసుక,
ఇసుక కింద
సోమవారం, మొదటి షిఫ్టు.