గుమ్మం దగ్గరి మంద్రం

గవర్నరుపేటలో, మెట్లెక్కి రెండో అంతస్తు కొట్లో
ఫణీంద్ర నన్ను నల్లపెట్టెల ముందు కూర్చోబెట్టి
"ఎనిమిదంగుళాలా, పదా, పన్నెండా?" అనడిగాడు,
చెప్పుల సైజు అడిగినట్టు.

ఆటోనగర్లో ముప్ఫై రెండేళ్లు
లారీ ఇంజన్లకి చెవి ఆనించి బతికినవాణ్ణి.
స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద, పిడి చెవి ఎముక మీద,
ఏ బేరింగు ఏడుస్తోందో అలా పట్టేవాణ్ణి.
ఎడమ చెవి ఆ పనిలోనే పోయింది.
కుడిచెవికి సన్నగొంతులు అందవు.
ఇక మిగిలింది పొట్ట.
పొట్టతో వినేది చూపించమన్నాను.

అతను నవ్వలేదు. మంచి వ్యాపారి.
ముందు, గొట్టం ఉన్న పెట్టె మోగించాడు.
బుస్సుమని గాలి కొట్టి నా పంట్లాం అంచు ఎగిరింది.
తర్వాత నాలుగు పక్కలా మూసిన పెట్టె.
తక్కువ మాట్లాడింది.
మాట అయిపోగానే ఆగింది.
"గది ఎంత?"
"పదీ పన్నెండు."
"మూసిందే తీసుకో, పదంగుళాలు చాలు.
చిన్న గదిలోకి వాగుడుకాయని తోలుకుపోకు."

ఆటోలో కాళ్ల మధ్య ఇరికించుకుని
ఏలూరు రోడ్డు గతుకులన్నీ ముందు దానికే వినిపించాను.

మధురానగర్లో మా గది.
టీవీ పక్కన పెట్టి సోఫాలో కూర్చున్నాను.
తెరమీద వంతెన కూలింది.
నా దగ్గరికి కాగితం చినిగినంత వచ్చింది.
మీట సగానికి తిప్పాను. ముప్పావుకి.
బీరువా తలుపు వణికింది.
అటకమీద స్టీలు బిందెలు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి.
కింది వాటాలో కామేశ్వరి టీచరు
బూజుకర్రతో తన పైకప్పు పొడిచింది.
ఊరందరికీ విందు,
పెళ్లికొడుక్కి పస్తు.

"గదిలో అలలుంటాయి," ఫోన్లో ఫణీంద్ర,
"కొన్నిచోట్ల ఒకదాన్నొకటి మింగేస్తాయి.
నువ్వు సరిగ్గా అక్కడే కూర్చున్నావు. సోఫా జరుపు."
ఎటు జరపను, జరిపితే తలుపు తెరుచుకోదు.
"అయితే పెట్టెని సోఫాలో కూర్చోబెట్టి
నువ్వు నేలమీద పాకు.
ఎక్కడ పొట్టకి తగిలితే అక్కడ దాని చోటు."

మోకాలి చిప్పలు అరిగిన మస్తాన్‌వలీ
యాభై ఎనిమిదో ఏట పాకాడు.
పెట్టె సోఫాలో ఇంటల్లుడిలా కూర్చుంది.
జాన్‌బీ వంటింటి గుమ్మంలో పీటేసుకుని
చింతచిగురు ఏరుతూ చూస్తోంది.
టీవీ మూల, లేదు.
బీరువా సందు, ఉంది కానీ ముద్ద ముద్దగా,
ఉడికీ ఉడకని సంకటిలా.
కిటికీ కింద, సగం.
గుమ్మం దగ్గరకొచ్చేసరికి
పొట్టలో పది టైర్ల బండి స్టార్టయింది.
తల ఎత్తితే ఆమె మోకాలు.
"ఇక్కడ," అన్నాను.
"ఇక్కడ నేనుంటాను," అంది.

కాసేపు ఇద్దరం ఏమీ అనలేదు.
తర్వాత ఆమె లేచి
చాటతో సహా వచ్చి సోఫాలో కూర్చుంది,
ఆ ఇంట్లో అదే మొదటిసారనుకుంటా.
చింతచిగురు పుల్లలు ఇప్పటికీ దిండు కింద దొరుకుతాయి.

కథ ఇక్కడితో అయిపోవాలి. అవలేదు.
ఆ రాత్రి అన్నీ ఆపాక
గుమ్మంలోంచి ఊం... అని ఒక మూలుగు.
రైలనుకున్నాను. రైలైతే వెళ్లిపోవాలి కదా.
కేబుల్ వైరు పీకితే ఆగింది. పెడితే మళ్లీ.
ఇది బేరింగు కాదు. ఇది కింద, మట్టిలో.

పొద్దున్నే పెరట్లోకి వెళ్లి చూస్తే
ఎర్తింగు గుంత మే నెలకి నెర్రెలిచ్చింది.
ఎన్నేళ్లయిందో ఎవరన్నా చెంబుడు నీళ్లు పోసి.
కల్లుప్పు వేసి బకెట్టు వంచాను.
బుడబుడమని తాగింది.
టీచరు బయటికొచ్చింది, చేతిలో కర్ర లేదు.
"మార్చి నుంచి మా ఫ్రిజ్ ముట్టుకుంటే జిల్లుమంటోందండీ."
లోపలికెళ్లి తనూ ఒక బకెట్టు తెచ్చింది.

మూలుగు పోయింది.
జాన్‌బీ నిశ్శబ్దం వైపు చూసి
"పాడైందా?" అంది.
పెట్టె మీద అరచెయ్యి పెట్టాను, వెనకటి అలవాటు.
గూడ్సు బండి పోతోంది.
పెట్టెకి కరెంటు లేదు, అయినా సన్నగా అదురుతోంది.

వెనకాల ఇంకో మీట ఉంది:
సున్నా, నూట ఎనభై.
దాని సంగతి ఇంకా తెలీదు.
రేపు తిప్పాలి.