కిటికీకి కొట్టిన గొంగళి

జూన్ నెలలో మా ఫ్యోర్డ్‌లో సూర్యుడు
కొండ వెనక్కి వెళ్ళినట్టే వెళ్ళి
ఏదో మర్చిపోయినవాడిలా తిరిగొస్తాడు.
అర్ధరాత్రి గొర్రెలు మేస్తుంటాయి.
పిల్లలు బంతాట ఆపరు.
మా చెల్లెలు స్టేనున్
కళ్ళ మీద మోచెయ్యి అడ్డం పెట్టుకుని
నిద్రని బతిమాలుకుంటూ ఉంటుంది.

దాని పేరులోనే రాయి ఉంది, మా భాషలో.
పోయినేడు రేవులో
ఆ పేరున్న రాయినే మోకాళ్ళ దాకా లేపి వదిలేసింది.
నూటనాలుగు కిలోలు.
వెనకటికి దాన్ని నడుం దాకా ఎత్తినవాడికే
పడవలో తెడ్డు ఇచ్చేవాళ్ళట.
గులకల్లో అది దిగబడిన చప్పుడు
నాకింకా వినబడుతుంది,
ఎవరో లోపల్నుంచి తలుపేసుకున్నట్టు.

తలా ఒక సలహా.
రోజుకి ఇంకో నలభైసార్లు ఎత్తమన్నాడు హాల్వర్దుర్.
డబ్బాలో పొడి తెప్పిస్తానన్నాడు పెట్రోలు బంకు కుర్రాడు.
నేను పద్దెనిమిదేళ్ళు ట్రాలర్‌లో వంటవాణ్ణి.
నాకు తెలిసింది ఒక్కటే:
నాలుగు గంటలకోసారి లేపిన మనిషి
ముడి వేస్తాడు గానీ బిగించడు.
నా ఎడమచేతి రెండు వేళ్ళు
అలాంటి ముడి దగ్గరే పోయాయి.

ఇంకొకటి కూడా తెలుసు. వెనక్కొచ్చే కంచాలు.
చేపల ఫ్యాక్టరీలో ఎవరో
దాని భుజాలు చూసి నవ్వారట.
ఆ చలికాలమంతా రాత్రి భోజనం సగంలో లేచేది.
"ఆకలి లేదన్నయ్యా" అనేది,
ఫ్రిజ్ వైపు చూడకుండా.

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు.
అన్నవాళ్ళు ఎండాకాలంలో మా ఇంట్లో పడుకోలేదు.
ఇక్కడ నిద్ర కొత్తల్లుడు,
చీకటి కావాలి, చలి కావాలి,
ఫోన్ పక్కగదిలో ఉండాలి,
అయినా అలిగి గుమ్మంలోనే నిలబడుతుంది.

అమ్మమ్మ గుద్‌ఫిన్నా నేసిన గొంగళి తీసి
కిటికీకి మేకులు కొట్టాను.
మధ్యాహ్నం దాటాక కాఫీ లేదన్నాను.
మూడు రోజులు నాతో మాట్లాడలేదు.
కాఫీ పొడి నా రబ్బరు బూటులో దాచాను,
వాసన పట్టి కనుక్కుంది,
అక్కడే వదిలేసింది.

తెల్లవారుజామున షిఫ్టుకి ముందు ఓట్స్ జావ,
అందులో పుల్లబెట్టిన కార్జం సాసేజ్ రెండు ముక్కలు.
పదింటికి చెంచా నిలబడేంత గట్టి స్కీర్.
పొద్దు వాలే వేళకి, అంటే గడియారంలో వాలే వేళకి,
ఉడికించిన హాడక్, బంగాళాదుంపలు,
వెన్న నేనే వేసేవాణ్ణి, చెయ్యి అడ్డం పెట్టినా.
ఎదురుగా కూర్చునేవాణ్ణి.
ఏమీ అనేవాణ్ణి కాదు.
ఓడలో నేర్చుకున్న మర్యాద అది,
తినేవాడి మొహం చూడకూడదు,
కంచం మాత్రం చూడాలి.

మొదటివారం కోడికునుకులే.
పైన పలకలు కిర్రుమంటూనే ఉండేవి.
పంతొమ్మిదో రాత్రి
ఆ చప్పుడు ఆగింది.
మెట్ల మీద నిలబడి విన్నాను.
నిండు వల లాగుతున్నట్టు
బరువైన, తీరిక గల ఊపిరి.
చూసేవాళ్ళెవరూ లేని ఆ చోట
తెగినచోటల్లా కండ తనని తాను అల్లుకుంటోంది,
షెడ్డులో ముసలి ఎగిల్ వల బాగుచేసినట్టు,
తొందర లేకుండా, దీపం లేకుండా.
పగలంతా అది ఎత్తినవి వట్టి ఉత్తరాలు.
జవాబు రాత్రే వస్తుంది.

జూలై రెండో ఆదివారం.
ఎనిమిదింటికి హాల్వర్దుర్ కారు హారన్ కొట్టాడు.
పైకెళ్ళాను.
మేకు చిరిగినచోట గొంగళిలోంచి
నాణెమంత వెలుగు పడి
దాని కాయలుగట్టిన అరచేతిలో ఉంది.
పిలవబోయి ఆగిపోయాను.

"రేవులో రాయి ఎక్కడికీ పోదు," అన్నాను కిందకొచ్చి.
"ఇరవై నిమిషాలు ఆగు."
అతను ఇంజిను ఆపాడు.
ఫ్యోర్డ్ మీద ఒక్క కెరటం లేదు.

జావ మళ్ళీ పొయ్యి మీద పెట్టాను.
కాస్త అడుగంటింది.
దానికి అలాగే ఇష్టం.