బంగారు నమూనా

జలా లోయలో పొగమంచు దిగిన రాత్రి
నాలుగో స్టేషన్ దగ్గర పిరోష్కా.
ఆమె చేతులతో పెద్దగా పనిలేదిప్పుడు.
యంత్రం చేయి మోడెమ్‌ని పట్టుకుని కుదురుగా దించుతుంది,
సూదులు దాని వీపు తడుముతాయి.
ముప్పై ఎనిమిది సెకన్లు.
పచ్చదీపం. తరవాతది.

బల్ల కింద బూడిదరంగు పెట్టె ఒకటుంది.
దాని ఉద్యోగం దూరాన్ని నటించడం.
ఒక కిలోమీటరు రాగితీగ, మూడు, ఐదున్నర,
వానకు నానిన అతుకులు, పక్కింటి మోటారు రొద,
అన్నీ దాని కడుపులోనే.
మోడెమ్ మాత్రం నమ్ముతుంది పాపం,
ఆ చివర ఎవరో ఉన్నారనుకుని
గొంతు సవరించుకుని పిలుస్తుంది.

మునుపు ఆ పిలుపు వినడమే పిరోష్కా పని.
చెవికి హెడ్‌ఫోన్, కీచుమనే కూత,
"దీనికి జలుబు" అని పక్కన పెట్టేది.
ఆమె మాట తప్పిన రోజులు ఎన్నో
ఎవరూ రాసిపెట్టలేదు.
యంత్రం అన్నీ రాసుకుంటుంది.

రెండు నలభైకి ఎరుపు.
మళ్ళీ ఎరుపు. వరసగా పదకొండు.
కుర్ర ఇంజనీరు బెండెగూజ్
కాఫీ కప్పు ఎక్కడ పెట్టాలో తోచక
దాంతోనే పరిగెత్తుకొచ్చాడు.
"టంకం చెడింది. లాట్ మొత్తం ఆపేద్దాం."

పిరోష్కా సొరుగు తాళం తీసింది.
బంగారు నమూనా అంటారు గానీ
తెల్ల ప్లాస్టిక్కే, మూల మీద పసుపు చుక్క.
ఆరేళ్ళుగా ప్రతి షిఫ్టూ దీనితోనే మొదలు.
ఏ పిల్లవాడి హోంవర్కూ, ఏ అర్ధరాత్రి అలకా
దీని గుండా నడిచిన పాపాన పోలేదు.
ఏ తప్పూ లేనందుకే సొరుగు పాలైంది.

పెట్టింది.
ముప్పై ఎనిమిది సెకన్లు.
ఎరుపు.

మేలిమి మసకేసిందంటే
కంసాలి ముందు చూసేది గీటురాయినే.
ఆమె మోకాళ్ళ మీద వంగి, మోకాళ్ళని తిట్టుకుంటూ,
ప్లగ్గు ఊడదీసి దీపం కింద పెట్టింది.
నాలుగు పిన్నుల్లో రెండోది
ఎన్ని వేలసార్లు దూరి బయటికొచ్చిందో,
పూత అరిగి లోపలి నికెల్ తేలింది.
"నీ బంగారం ఇక్కడ పోయిందోయ్," అంది.

ప్లగ్గు మారింది. పదకొండూ పచ్చన.
లాగ్‌లో బెండెగూజ్ రాశాడు:
"మూడు ఐదుకి కేబుల్ మార్చబడింది."
కర్త లేదు ఆ వాక్యానికి.

ఆరింటికి బస్సు. కిటికీ నిండా తెల్లటి చీకటి.
ఆమె ఇల్లు ఐదున్నర కిలోమీటర్లు,
ఈ దూరం ఏ పెట్టెలోనూ పట్టదు.
కోటు జేబులో అరిగిన ప్లగ్గు;
పారేద్దామనే తెచ్చింది.
వంతెన దాటినా ఇంకా
బొటనవేలితో ఆ రెండో పిన్నునే వెతుక్కుంటోంది.