మూడుకీ నాలుగుకీ మధ్య

షియోరీ,
నువ్వింకా గుప్పెడు కూడా లేనప్పుడే
ఊరి ఆఫీసులో నీ పేరు మీద ఒక పుస్తకం ఇచ్చారు.
అట్ట మీద కుందేలు, లోపలన్నీ ఖాళీ గళ్లు.
మీ అమ్మ చిజురు బరువు, రక్తపోటు, పాదాల వాపు,
నర్సు కుదో గారి గుండ్రటి రాతలో
ఒక్కో గడీ నిండుతూ వచ్చింది.
సముద్రపు నాచు ఆరబెట్టే రాళ్ల మీంచి వచ్చి
ఉప్పు చేతులతో తిరగేసేవాణ్ణి.
ఆ పేజీలకి ఇప్పటికీ తేమ వదల్లేదు.

మధ్యలో ఒక రంగుల కాగితం.
ఏడు చతురస్రాలు. మొదటిది సుద్దముక్క,
ఏడోది ముదురాకు.
బిడ్డ దొడ్డికి వెళ్తే పగటి వెలుతురులో
పక్కన పెట్టి చూడమని రాసుంది.
నవ్వాను.
నీళ్ల రంగు చూసి గాలి ఎటో చెప్పేవాణ్ణి,
దీనికి కాగితం కావాలా అని.

నీకు ముప్ఫై ఏడో రోజు.
మీ అమ్మకి అప్పుడే కన్నంటుకుంది.
గుడ్డ విప్పి కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాను.
బయట మంచు. ఎంతకీ తెల్లవారదు.
మూడా? నాలుగా?
అద్దం తుడిచి చూశాను,
కాగితం తలకిందులు చేసి చూశాను.
నాలుగే అనుకోవాలని ఎంతగా అనిపించిందో
ఈ పదిహేనేళ్లలో ఎవరికీ చెప్పలేదు.
నాలుగైతే
నేనూ పడుకోవచ్చు.

పసివాళ్లు ఆ మాత్రం పచ్చగానే ఉంటారు,
కాస్త ఎండ చూపించు, అంది మా అమ్మ.
రిషిరి దీవిలో, ఫిబ్రవరిలో, ఎండ!
గుడ్డని సంచీలో చుట్టి
నిన్ను నా కోటులో చుట్టి ఓడెక్కాను.
ఒళ్లో రెండు పొట్లాలు.

సప్పోరోలో డాక్టరు ముందు గుడ్డ విప్పాడు.
కాగితం అడగనే లేదు.
పసరు దారి మూసుకుపోయింది అన్నాడు,
పేగులోంచే ఒక ముక్క తెచ్చి కాలువ కడతాం అన్నాడు.
మనిషివంతా కలిపి
నా మోచేతి పొడవు లేవు నువ్వు.

తరవాత పుస్తకంలో నీ ఎదుగుదల చుక్కలు
గీత కింద, ఎప్పుడూ గీత కిందే,
చూరు కింద వాన తగ్గే దాకా ఆగిన వాళ్లలా.
ఎవరి సాయం లేకుండా నిలబడుతుందా?
ఆ ప్రశ్న ఎదురుగా అవును పెట్టడానికి ఏడాదిన్నర.
మరో పేజీలో ఇంకో ప్రశ్న:
బిడ్డను పెంచడం కష్టంగా ఉందా?
అవును, కాదు, చెప్పలేను.
మీ అమ్మ కాదు మీద సున్నా చుట్టి కొట్టేసింది,
అవును మీద చుట్టి అదీ కొట్టేసింది.
మిగిలిన దాని మీద నేను చుట్టాను.

పదమూడో ఏట నీ దిండు గలీబులో
ఇరవై మూడు మాత్రలు దొరికాయి.
నెమ్మదిగా మాట్లాడాను అని అమ్మతో చెప్పాను.
అబద్ధం. గిన్నె విసిరాను.
ఈత దుస్తుల్లో అందరూ నీ పొట్టకేసి చూస్తారని
నువ్వు చెబుతూనే ఉన్నావు,
నేను మాత్రలు లెక్కపెడుతూనే ఉన్నాను.
ఈ కడుపు నాదే కదా నాన్నా, అన్నావు.
జవాబు ఇప్పటికీ వెతుకుతున్నాను.

ఇవాళ కొత్త డాక్టరమ్మ
నీ కళ్లలోకి చూసి, నా కేసి తిరిగి,
మీరు కాసేపు బయట కూర్చోండి అంది.
నడవాలో మిషన్‌లో డబ్బాలో జొన్నపొత్తు సూపు కొన్నాను.
తాగలేదు, చేతులు కాచుకున్నాను.
తలుపవతల నువ్వు నవ్వడం వినిపించింది.
నా పుస్తకంలో దేనికీ
ఆ నవ్వు రాసే గడీ లేదు.

తిరుగు ఓడలో నువ్వే ఆ కాగితం తీశావు.
ఏది? అన్నావు.
మూడు మీద పెట్టలేదు వేలు, నాలుగు మీదా పెట్టలేదు,
రెంటి మధ్య తెల్లటి సందులో పెట్టాను.
రంగులు వెలిసి ఇప్పుడు రెండూ ఒకటే.
చాలాసేపు చూశావు.
పుస్తకం నీ బడి సంచీలో వేసుకుని
జిప్పు లాగేశావు.

మధ్యాహ్నం మాత్ర వేసుకున్నావా అని
నోటి దాకా వచ్చింది.
నీళ్లకేసి చూశాను.
ఈశాన్యపు గాలి,
రాత్రికి పెరుగుతుంది.