సెకనులో అరవయ్యో వంతు

సోర్సు కోడు లేదు.
కంపెనీ మూతబడ్డ ఏడు ఫ్లాపీలన్నీ
ఏ చెత్తలారీ ఎక్కాయో చెప్పేవాళ్లు లేరు.
మిగిలింది ఈ బోర్డొక్కటే.
అమగసాకి స్టేషను వెనక సందులో
షట్టరు దించేసిన ఆటలకొట్టు నుంచి
పాత పేపర్లో చుట్టుకుని తెచ్చాను.
చేపల ధరలున్న పేజీ అది.

చిప్పు తరవాత చిప్పు ఊడబెరికి
లోపలి అంకెలన్నీ తోడాను.
తోడేకొద్దీ ఊరింది
ఒక సముద్రం, ఒక రాతి గట్టు,
తలకు తెల్లగుడ్డ చుట్టి
రాతికంటుకున్న గుల్లల్ని పెకలించే ఉలి
నడుముకి దోపుకున్న ఆడమనిషి.
ఇసోనో.
పదకొండో ఏట నా వంద యెన్ బిళ్లలన్నీ మింగింది ఈవిడే.

ఫోనులోకి ఎక్కించాను.
ఒక్క మరక లేకుండా మెరిసింది.
మేనేజరు ఒగాతా చప్పట్లు కొట్టాడు.

నిషివాకి గారిని పిలిచాం.
ఒకప్పుడు ఆ సందులో ఆయన్ని ఓడించినవాడు లేడు.
ఇప్పుడు బస్సు నడుపుతారు.
యూనిఫాం విప్పకుండానే వచ్చి కూర్చున్నారు.
బొటనవేలు గాజు మీద పెడితే గాజు పలకలేదు.
స్టీరింగు అరగదీసిన చర్మాన్ని
ఫోను మనిషిగా లెక్కెయ్యదట.
వేలి మీద హా అని ఊపిరి వదిలి మళ్లీ పెట్టారు.
మూడు ఆటలు. మూడూ ఓడారు.

"ఈమె ఇసోనో కాదమ్మా," అన్నారు.
"ఇసోనో మునిగే ముందు ఊపిరి పీల్చుకుంటుంది."

ఆ రాత్రి బోర్డునీ ఫోనునీ పక్కపక్కన పెట్టి
కెమెరాతో తీసి, బొమ్మ బొమ్మా లెక్కపెట్టాను.
అల లేచినప్పుడు పాత బోర్డుకి ఆయాసం.
నీళ్లు గీయాలి, నురగ గీయాలి,
కొట్టుకునే ఇద్దర్నీ గీయాలి.
మోయలేక
రెండు ఫ్రేములు తడబడేది.
రెప్ప దిగడం మొదలెట్టేంత సేపు కూడా కాదు.
ఆ సందులోనే నిషివాకి గారు
తన ఇరవయ్యేళ్ల వయసంతా కాపురమున్నారు.

ఆలస్యం అమృతం విషం అంటారు.
ఈ అమృతం మాత్రం
ఆలస్యంలోనే ఉంది.

నా ఫోనుకి అలుపు తెలీదు.
వెయ్యి అలలు గీసి ఆవలిస్తుంది.
దానికి రొప్పడం నేర్పాను, పదకొండు వారాలు.
ఆగు, అల లేచింది,
నీకిప్పుడు బరువుగా ఉంది, లేకపోయినా ఉంది, ఆగు
అని వరసలు వరసలుగా రాశాను.
వేగం కోసం రాసినదాని కంటే
నిదానం కోసం రాసిందే ఎక్కువ.
"తప్పుకి నకలు తీయడానికి ఇన్ని జీతాలా?"
అన్నాడు ఒగాతా.
రెండూ ఆడించి చూపించాను.
"తేడా ఏదీ?" అన్నాడు.
నిజమే. చూస్తే లేదు.

ఎక్కనివి ఎక్కలేదు.
అవతలివాడి మోచెయ్యి తగలడం,
ప్యానెలు మీద సిగరెట్టు కాల్చిన గుంట,
ఓడినవాడు ఇంటికి పోకుండా
నా వెనకే నిలబడి విడిచే వేడి శ్వాస.

నాణెం మాత్రం పట్టుబట్టి ఒప్పించాను.
ఆట ముందే కొనేశారు, డబ్బుతో పనిలేదు,
అయినా మూలనున్న గీత తాకితే
లోపలెక్కడో వంద యెన్ దొర్లి పడుతుంది.
అది బోర్డులో చప్పుడు కాదు.
మా వంటింట్లో బిస్కెట్ల రేకు డబ్బాలో
అమ్మ బిళ్ల వేస్తుంటే పట్టాను.
ప్రతిసారీ పక్కింటి కుక్క మొరిగింది.
పంతొమ్మిదోసారికి ఊరుకుంది.

ముసురు పట్టిన రోజు నిషివాకి గారు మళ్లీ వచ్చారు.
అల లేచింది.
ఆయన భుజాలు కొంచెం పైకి లేచి
అక్కడే ఆగాయి.
ఇసోనో మునిగింది.

దెబ్బ తగిలిందో లేదో నేను చూడలేదు.
ఆయన బొటనవేలి కింద ఆమె పాదాలు దాగిపోయాయి,
దానికింకా మందు దొరకలేదు.
"డ్యూటీకి టైమైంది," అని
వెచ్చబడ్డ ఫోను నా చేతికిచ్చి గొడుగు వెతుక్కున్నారు.
తెర మీద అంకెలు వెనక్కి నడుస్తున్నాయి,
ఇంకా ఆడతావా అని అడుగుతూ.
తొమ్మిది. ఎనిమిది.
ఏడు దగ్గర నాణెం వేశాను.