శుక్రవారం పుట్టినోడు

బయట మార్చి నెలాఖరు. దుబాయ్ తారురోడ్డు
చెప్పుల అడుగును పట్టి గుంజుతున్నది.
లోపల మైనస్ రెండు.
మాల్ కడుపుల ఒక మంచుకొండ,
రాత్రిపూట దానికి దువ్వెన పెట్టేటోన్ని నేను.

పాసాంగ్ నా జోడి. నేపాలోడు.
పాసాంగ్ అంటే వాళ్ల భాషల శుక్రవారమట.
ఏ శుక్రవారమూ వానికి సెలవు దొరకలే.

మొదటి దినం అడిగిన:
"మంచుల పుట్టినవు గద, ఇదేం లెక్క నీకు?"
పిడికెడు తీసి పిండి సూపిండు. నీళ్లు రాలే.
"ఇది సచ్చిన మంచు. దీనికి ఎండకాలం తెల్వది."

తర్వాత తర్వాత, చాయ్ తాగుకుంట
ముక్కలు ముక్కలుగ చెప్పిండు.
చలికాలం కొండ రాయి తీరు ఉంటదట,
చైత్రం వస్తె చెమట పడుతదట.
పైన మెరుస్తనే ఉంటది,
నీళ్లు మాత్రం లోపలికి దిగి
అడుగున బండను నున్నగ తోముతయి.
తూర్పు మొఖం మీద ఎండ చెయ్యి పెట్టకముందే దాటాలె.
మోకాలు దాకా దిగవడితే వెనుకకు మర్రాలె.
నిమ్మకాయలంత ఉండలు వాటంతట అవే దొర్లొస్తుంటె
అవి పిల్లలు,
తల్లి వెనుక వస్తది.
రాత్రి మబ్బు పట్టి గడ్డకట్టకపోతే
తెల్లారుగట్ల కూడ తొవ్వ లేనట్టే.

నాకు షార్జా కందకం యాదికొచ్చింది.
పొద్దున తడిగ నిలవడ్డ ఇసుక గోడ
పగటీలి ఎండి, చప్పుడు లేకుంట కూసున్నది
మా పోశెట్టి మీద, మెడ దాకా.
తట్టలు ఇడిచి చేతులతోనే తీసినం.
బతికిండు గని
ఇప్పటికీ దుప్పటి కప్పుకోడు.
"మాకాడ ఎండితే కూలుతది, మీకాడ తడిస్తే" అన్న.
పాసాంగ్ నవ్వలే.
"పన్నెండు గంటలు రెండిటికీ ఒకటే" అన్నడు.

నిన్న రాత్రి చిల్లర్ ఆగింది. నలభై నిమిషాలు.
అంకె సున్న దాటింది. మూడు. ఐదు.
కప్పు నుంచి ఒక చుక్క నా మెడ మీద పడ్డది.
వాలు మీంచి ఒక చిన్న ఉండ
దొర్లుకుంట వచ్చి వాని బూటు కాడ ఆగింది.
తాడు పట్టుకొని ఉరికిండు, అడ్డం కట్టిండు,
బొమ్మ పెంగ్విన్లను తుడుస్తున్న పిలగాన్ని
భుజం పట్టి ఎడంగ గుంజిండు.
సూపర్‌వైజర్ కడుపు పట్టుకొని నవ్విండు.
జానెడు మంచు జారింది. గంతే.
కరెంటు వచ్చింది, మిషన్లు మళ్ల మంచు ఊదినయి.
పాసాంగ్ తాడు విప్పలే.

రెండు గంటలకు మాకు విరామం.
అక్కడ పావు తక్కువ నాలుగు.
వాని చెల్లె కనుమ మీంచి బరువులు మోస్తది,
ఈ నెలంత.
మేమైతే ఇంటికి చేస్తె తిన్నరా అని అడుగుతం.
వాడు అడిగేది ఒక్కటే:
"రాత్రి గడ్డకట్టిందా?"

జవాబు వచ్చెదాక
వాని చేతిల చాయ్ మీద
మీగడ కడుతుంటది.